గుమస్తాకు ఇరవై ఒక్క రోజుల శిక్షణ

నేను శిక్షకుణ్ణి. ఈ మాట ఇప్పుడు కాస్త మెల్లగా చెబుతున్నాను గానీ, ఆర్నెల్ల కిందటి వరకూ గొంతు సవరించుకుని మరీ చెప్పేవాణ్ణి. మా ప్రాంతీయ పాలనా శిక్షణ సంస్థలో పంతొమ్మిదేళ్లుగా "ప్రవర్తనలో మార్పు: ఇరవై ఒక్క రోజుల పద్ధతి" అనే పాఠం చెబుతున్నాను. ఆఫీసుకు ఆలస్యంగా వచ్చేవాళ్లూ, ఫైలు మీద ఫైలు పేర్చి దాని మీద తల పెట్టి నిద్రపోయేవాళ్లూ, అర్జీదారు మొహం కనపడగానే భోజనానికి లేచిపోయేవాళ్లూ అందరూ నా దగ్గరికే వస్తారు. ఎలాంటి అలవాటైనా ఇరవై ఒక్క రోజులు పట్టుబడితే మారి తీరుతుందని నేను చెబుతాను. వాళ్లు రాసుకుంటారు. ఇరవై రెండో రోజున తమ తమ ఆఫీసులకు వెళ్లి ఎప్పటిలాగే పనిచేసుకుంటారు. ఇంతకాలంలో ఒక్కరైనా మారినట్టు మాకు సమాచారం లేదు. మారలేదనీ సమాచారం లేదు, ఎందుకంటే మేం అడగలేదు. అందుచేత నా పద్ధతి నూటికి నూరుపాళ్లు విజయవంతమైనట్టు ఏటా నివేదికలో రాస్తూ వచ్చాం.

అలాంటి నేను ఒక మంగళవారం పొద్దున్న ఏడు గంటలకు మా ఇంటి హాల్లో, చేతిలో తడిగుడ్డతో, మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను. నా ఎదురుగా గుమస్తా కూర్చుని ఉంది. మా ఇద్దరికీ మధ్య ఒక మడుగు ఉంది.

గుమస్తా అంటే కుక్క. గోధుమ రంగు, ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలి ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు మా సంస్థ గేటు దగ్గర దొరికితే తోటమాలి నూకరాజు తెచ్చి పెంచాడు. సరిగ్గా పదింటికి వరండాలోకి వచ్చి పడుకుని, ఐదింటికి లేచి ఒళ్లు విరుచుకునేది కనుక ఆ పేరు కూడా అతనే పెట్టాడు. దానికిప్పుడు తొమ్మిదో ఏడు. మూతి చుట్టూ నెరిసింది.

అది పడుకునేది నా తరగతి గుమ్మం బయట. లోపల నలభై మంది ఉద్యోగులు కళ్లు తెరిచి నిద్రపోతున్న వేళ, నేను గొంతు పెంచి "మార్పు!" అన్నప్పుడల్లా అది నిలబడ్డ చెవిని నా వైపు తిప్పేది. పంతొమ్మిదేళ్లలో నా పాఠం విన్నది అదొక్కటే. దాని మీద నాకు ప్రేమ ఉందంటే, అందులో సగం నా మీద నాకున్న ప్రేమే. మిగతా సగం మాత్రం నిజంగా దాని మీదే.

కొత్తగా వచ్చిన మా సంచాలకులు డాక్టర్ చయనులు గారు ఆవరణను సుందరీకరించాలని సంకల్పించారు. పాత గచ్చులు పగలగొట్టించి మెరిసే పలకలు వేయించారు. ఆ వెంటనే, ఆవరణలో సంచరించు జంతుజాలమును మున్సిపాలిటీ వారికి అప్పగించవలెనని ఉత్తర్వు వేశారు. మా ఆవరణలోని జంతుజాలమంతా కలిపి గుమస్తా ఒక్కటే. మున్సిపాలిటీ వాళ్ల బండి ఎక్కిన కుక్కలు ఊరవతల చెత్త పోసే చోట దిగుతాయని అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ల కుక్క అక్కడి కుక్కల మధ్య తొమ్మిది రోజులు బతకదు. ఆ సమావేశంలో నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. "నేను తీసుకెళతానండి" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఇంట్లో మాత్రం ఎవరూ కొట్టలేదు.

గుమస్తా మా ఇంటికి వచ్చింది సోమవారం. వచ్చిన గంటలోపే హాల్లో మొదటి మడుగు, రాత్రికి సోఫా పక్కన అంతకంటే గట్టి సాక్ష్యం. నా భార్య వైదేహి అరిచే మనిషి కాదు. నడుముకి కొంగు దోపుకుని, ఫినాయిలు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏ అలవాటైనా ఇరవై ఒక్క రోజుల్లో మారుతుందని ఊరందరికీ చెబుతారు కదండీ. మీకూ ఇరవై ఒక్క రోజులే ఇస్తున్నాను. ఇరవై ఒకటో రోజు, అంటే ఆదివారం సాయంత్రానికి నా ఇల్లు పొడిగా ఉండాలి. లేదా సోమవారం పొద్దున్న నేనే మున్సిపాలిటీకి ఫోన్ చేస్తాను."

"అది ముసలిదే..." అన్నాను.

"నాకూ యాభై రెండు నిండాయి. నేను బాత్రూముకే వెళుతున్నాను" అంది.

ఆ రాత్రి నా పాఠ్యగ్రంథం తిరగేశాను. బాత్రూము ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.

మర్నాటి నుంచి పద్ధతి ప్రారంభించాను. మా ఇంటి ముందు నేను ప్రాణప్రదంగా పెంచుకుంటున్న పచ్చిక ఉంది. వెనక నాలుగు అరటి మొక్కలూ మెత్తటి మట్టీ ఉన్నాయి. కుక్కకు ఇంతకంటే ఏం కావాలి? పొద్దున్న ఐదున్నరకు గొలుసు పట్టుకుని పచ్చిక దగ్గరికి తీసుకెళ్లాను. అది గేటు నుంచి గుమ్మం దాకా ఉన్న సిమెంటు బాట మీద నాలుగు కాళ్లూ దగ్గరికి చేర్చుకుని నిలబడింది. లాగాను, రాలేదు. బతిమాలాను, తోక ఊపింది. ఎత్తుకుని పచ్చిక మధ్యలో దింపితే, నిప్పుల మీద దించినట్టు ఒక్క గెంతులో బాట మీదికి వచ్చేసింది. వెనక మట్టిలోనూ అదే తంతు. గంటసేపు నిలబడ్డాం. దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, కాళ్లు వణుకుతున్నాయి, అయినా బిగబట్టుకుంది. ఇంట్లోకి రాగానే హాలు మధ్యకు పరిగెత్తి, హమ్మయ్య అన్నట్టు నా వైపు చూస్తూ పని కానిచ్చింది.

నా పద్ధతిలో ఏడు మెట్లున్నాయి. అవగాహన, సంకల్పం, ప్రోత్సాహం అయ్యాయి. ప్రోత్సాహం కింద అరకేజీ బిస్కెట్లు అయ్యాయి. నాలుగో మెట్టు "ఆచరించి చూపుట". నేనిది రాయకూడదు గానీ, ఇంత రాశాక దాచుకోవడం దేనికి? ఐదో రోజు తెల్లవారుజామున, వీధిలో ఎవరూ లేరని రూఢి చేసుకుని, పచ్చికలోకి దిగి మందార చెట్టు దగ్గర ఒక కాలు పైకెత్తి నిలబడ్డాను. అభినయం మాత్రమే. మా పక్కింటి రిటైర్డ్ తాసీల్దారు అప్పలాచార్యులు గారు ఆ వేళ డాబా మీద సూర్యనమస్కారాలు చేస్తారన్న సంగతి మరిచిపోయాను.

"ఏమండీ భుజంగరావు గారూ! నడుం పట్టేసిందా?" అన్నారాయన పైనుంచి.

"అవునండీ" అన్నాను కాలు దించకుండానే.

ఆయన మధ్యాహ్నం నొప్పుల తైలం పంపించారు. గుమస్తా మాత్రం సిమెంటు బాట మీద కూర్చుని, తన జీవితంలో ఇంత ఘోరం చూడలేదన్నట్టు కుయ్యి కుయ్యి మంటూ నన్నే చూసింది. నాకు అప్పుడు అర్థం కాలేదు. అది నన్ను పచ్చికలోంచి బయటికి రమ్మంటోందని ఎలా తెలుస్తుంది?

శనివారం ఒంటిపూట సెలవు కోరుతూ, కారణం దగ్గర "కుక్కకు అలవాట్లు నేర్పుట నిమిత్తం" అని నిజం రాశాను. మా సంస్థలో సెలవు చీటీ మీద నిజం రాయడం అదే మొదటిసారి కాబోలు, సంచాలకులు వెంటనే పిలిపించారు.

"భుజంగరావు గారూ, కూర్చోండి. సదరు శునకము ప్రస్తుతం ఏ స్థాయిలో ఉన్నది?"

"హాలు స్థాయిలోనే ఉందండి" అన్నాను.

చయనులు గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆయనకు ఆలోచన వచ్చినప్పుడు అలా పెడతారు. మేమంతా ఆ కళ్లద్దాలకే భయపడతాం.

"ఒక్కసారి ఊహించండి. సంస్థ యొక్క పద్ధతి మానవేతర అభ్యర్థులపై సైతం ఫలవంతమైనదని నిరూపింపబడిన యెడల, రాష్ట్రస్థాయిలో మన ప్రతిష్ఠ ఎక్కడికి పోవును? దీనిని ఆదర్శ నమూనాగా చేపట్టుదాం. శిక్షణావసరాల అంచనా, పూర్వ పరీక్ష, తరగతులు, క్షేత్ర అధ్యయనం, అనంతర పరీక్ష, ధ్రువపత్రం. సమగ్రంగా జరగవలె!"

"దాన్ని ఒకసారి పశువైద్యుడికి చూపిద్దామనుకుంటున్నానండి" అన్నాను.

"అది వేరే శాఖ" అన్నారాయన.

సోమవారం నుంచి గుమస్తా మళ్లీ సంస్థకు రావడం మొదలుపెట్టింది. వారం కిందట జంతుజాలంగా వెళ్లిపోయింది, ఇప్పుడు అభ్యర్థిగా వచ్చింది కనుక గేటు దగ్గర అభ్యంతరం లేకపోయింది. నమోదు పత్రం నేనే నింపాను. విద్యార్హత: లేదు. కంప్యూటర్ పరిజ్ఞానం: లేదు. పదోన్నతికి ఎదురుచూస్తున్నారా: లేదు. నామినేట్ చేసిన అధికారి దగ్గర వైదేహి పేరు రాశాను. అభ్యర్థి సంతకం కోసం దాని కాలు సిరా దిండు మీద ఒత్తితే, అది అదే సంతకాన్ని సంచాలకుల గది అంతా పెడుతూ తిరిగింది.

పూర్వ పరీక్షలో ఇరవై ప్రశ్నలు. తప్పు రాస్తే మార్కు కోస్తారు. గుమస్తా ఏమీ రాయలేదు కనుక సున్నా వచ్చింది. అంతకు ముందు బ్యాచ్ సగటు సున్నాకు రెండు మార్కులు తక్కువ. ఆ విధంగా గుమస్తా ఆ ఏటికి ప్రథమ స్థానంలో నిలిచింది.

ఇక తరగతులు. నేనే చెప్పాను, ఇంకెవరు చెబుతారు? మొదటి బెంచీ ముందు చాప వేసి దాన్ని కూర్చోబెట్టారు. తెర మీద నా ఏడు మెట్లు పడ్డాయి. వెనక ఇద్దరు పరిశీలకులు రాసుకుంటున్నారు. గుమస్తాకు వరండాలో పడుకుని వినే అలవాటు కనుక లేచి గుమ్మం బయటికి వెళ్లి పడుకుంది. దాన్ని లోపలికి తెచ్చారు. పదకొండు గంటల టీ విరామంలో అందరితో పాటు దానికీ రెండు బిస్కెట్లు ఇచ్చారు. విరామం తర్వాత అది ఆ మెరిసే కొత్త పలకల మధ్యకు నడిచి వెళ్లి, వాసన చూసి, కాలు ఎత్తింది. ఒక పరిశీలకుడు "అభ్యర్థి చురుకుగా పాల్గొన్నది" అని రాశాడు. రెండో ఆయన పక్కకు జరిగి కూర్చుని "తరగతి గది వాతావరణం స్వేచ్ఛగా ఉన్నది" అని రాశాడు.

రెండో వారం మధ్యలో క్షేత్ర అధ్యయనం వచ్చింది. బాగా అలవాట్లు నేర్చిన కుక్కలను ప్రత్యక్షంగా చూడడానికి అరకు వెళ్లాలని నిర్ణయించారు. అరకులో అలాంటి కుక్కలున్నాయని ఎవరు చెప్పారో ఫైల్లో లేదు. సంచాలకులూ, ఇద్దరు పరిశీలకులూ, వారి కుటుంబాలూ వెళ్లివచ్చారు. వాహనంలో చోటు చాలనందున అభ్యర్థి వెళ్లలేకపోయింది. పాఠ్యగ్రంథం సవరించడానికి నేను కూడా ఉండిపోయాను. ఆ రెండు రోజులూ ఖాళీ వరండాలో అదీ నేనూ పక్కపక్కన కూర్చున్నాం. దాని వాలిన చెవి నిమురుతూ, ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయిరా, ఏం చేద్దాంరా గుమస్తా, అని అడిగాను. అది నా మోకాలి మీద గడ్డం ఆనించి నిట్టూర్చింది. ఇద్దరికీ పాఠం అర్థం కాలేదని తేలిపోయింది.

పంతొమ్మిదో రోజు శుక్రవారం. అనంతర పరీక్ష జరిపారు. ఈసారి పరీక్ష పచ్చిక పక్కన సిమెంటు బాట మీద పెట్టారు. గుమస్తా అక్కడ అరగంట సేపు ఏమీ చేయలేదు. ఏ తప్పూ చేయలేదు కనుక నూటికి నూరు మార్కులు వేశారు. సభ జరిగింది. గుమస్తా మెడలో బంతిపూల దండ వేసి, బంగారు అంచు ధ్రువపత్రం నా చేతికిచ్చారు. సంచాలకులు నలభై నిమిషాలు మాట్లాడారు. నూరు శాతం ఫలితం సాధించినట్టు ఆ సాయంత్రమే పై ఆఫీసుకు రాశారు.

నేను కూడా కాస్త నమ్మాను. అదే నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం. ధ్రువపత్రం మీద ముద్ర ఉంది, సంఖ్య ఉంది, మూడు సంతకాలున్నాయి. అందులో ఒకటి నాది. దాన్ని చట్రం కట్టించి హాల్లో తగిలించాను. గుమస్తా దాని కిందికి వెళ్లి, తల ఎత్తి చూసి, అక్కడే కానిచ్చింది.

వైదేహి తడిగుడ్డ తెచ్చి నా చేతికిచ్చింది. "ఆ అట్టముక్కతో తుడుస్తారా, దీంతో తుడుస్తారా?" అంది. ఆ తర్వాత గుమస్తాకేసి చూసి, "ఇంకా రెండు రోజులున్నాయి" అంది. సాయంత్రాలు నేను చూడనప్పుడు గుమస్తా ఆమె కుట్టుమిషను కింద పడుకుంటోందని అప్పటికే నాకు తెలుసు. అయినా మాట మాటే. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అన్న మాట వెనక్కి తీసుకోగా నేను చూడలేదు.

శనివారం పొద్దున్న సంచాలకులకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. అవతల కళ్లద్దాలు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"శిక్షణ పూర్తయినది. ధ్రువీకరింపబడినది. కావున ఇక మీదట జరుగునది శిక్షణా లోపం కానేరదు, క్రమశిక్షణా రాహిత్యం. సోమవారం నాడు పై ఆఫీసు నుంచి బృందం వచ్చి అభ్యర్థిని చూడబోవుచున్నది. అభ్యర్థి అందుబాటులో లేని యెడల, అభ్యర్థి విఫలమైనట్లు చూచు అవకాశం ఎవరికీ ఉండదు. అర్థమైనది కదా? సంజాయిషీ కోరుతూ మెమో పంపుచున్నాను. ఇరవై నాలుగు గంటల్లో సమాధానం రానిచో సోమవారం ఉదయం పదకొండుకు మున్సిపాలిటీ బండి."

"అది కుక్కండి, ఎలా రాస్తుంది?" అన్నాను.

"సంతకం చేసినది కదా!" అన్నారాయన.

ఇంట్లో వైదేహి గడువు, బయట సంస్థ గడువు. రెండూ ఒకే సోమవారానికి వచ్చి కూర్చున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం మెమో పట్టుకుని నూకరాజు సైకిలు మీద వచ్చాడు. అప్పుడు నేను ఇంటి ముందు, ఎర్రటి ఎండలో, గుమస్తాను పచ్చికలోకి లాగుతున్నాను. అది సిమెంటు బాట అంచున గోళ్లు పాతుకుని ఉంది. నూకరాజును చూడగానే గొలుసు తెంపుకున్నంత పని చేసి అతని కాళ్ల మీద పడింది.

"అదేంటండి బాబూ, దాన్ని గడ్డి మీదికి లాగుతున్నారు?" అన్నాడు నూకరాజు సైకిలుకి స్టాండు వేస్తూ.

"మరెక్కడికి లాగమంటావు? ఇల్లంతా పాడు చేస్తోంది. బయటికి తెస్తే చస్తే వెళ్లదు."

"ఎల్లదండి. మరి గడ్డెక్కదు కదండీ అది. మట్టి కూడా తొక్కదండి. పాణం పోయినా తొక్కదు. నేనే కదండీ నేర్పాను!"

గొలుసు వదిలేశాను. "ఎందుకు నేర్పావయ్యా?"

నూకరాజు నా వైపు అనుమానంగా చూశాడు. "తమరే కదండీ కాయితం ఇచ్చారు. మర్చిపోయారేంటండి? మన లాను పోటీకి పెట్టినప్పుడు."

అప్పుడు గుర్తుకొచ్చింది. ఎనిమిదేళ్ల కిందట నేను మా సంస్థ పచ్చదన పరిరక్షణ సంఘానికి కన్వీనర్‌ని. ఆవరణ మధ్యలోని పచ్చికకు జిల్లాలో మొదటి బహుమతి రావాలని పట్టుబట్టాను. మనుషులకు "పచ్చికపై నడవరాదు" అని బోర్డు పెట్టించాను. బోర్డు చదవలేని వాళ్లకు పచ్చికా, పూలపాదుల మట్టీ తొక్కకుండా నేర్పమని నూకరాజు పేర ఒక ఉత్తర్వు కూడా జారీ చేశాను. బహుమతి వచ్చింది. షీల్డు పట్టుకుని నేను నవ్వుతున్న ఫోటో ఇప్పటికీ వరండాలో ఉంది. అందులో నా వెనక, సిమెంటు బాట మీద, ఒక గోధుమ రంగు కుక్కపిల్ల బుద్ధిగా కూర్చుని ఉంటుంది. ఆ ఫోటో కింద నుంచి నేను రోజూ నాలుగుసార్లు నడుస్తాను.

"ఎలా నేర్పావు?" అన్నాను.

"ఏముందండీ. గడ్డెక్కితే 'ఊఁ' అనీవోణ్ణి. దిగొచ్చి బాట మీద నిలబడితే బెల్లంముక్క పెట్టీవోణ్ణి. అంతేనండి."

"ఎన్ని రోజులు పట్టింది?"

"మూడ్రోజులండి" అన్నాడు నూకరాజు. ఎక్కువ పట్టిందని నేనేమైనా అంటానేమోనని, "రెండో రోజు వానొచ్చిందండి మరి" అని సర్దిచెప్పాడు.

"మరి అది బయటికి ఎక్కడికి వెళ్లేది?"

"హాస్టలు ఎనకాల సిమెంటు గచ్చు మీదికండి. పొద్దున్నే ఎల్లేది, నేను కడిగేసీవోణ్ణి. ఎప్పుడూ అక్కడేనండి. నడిచే బాట మీద మాత్రం పోయదండి, అది బెల్లంముక్క పెట్టే చోటు కదండీ. ఆ గచ్చేమో మొన్న పగలగొట్టించేశారు. ఇప్పుడు దానికి నున్నగా కనపడ్డదల్లా గచ్చేనండి పాపం. తమరి ఇల్లూ గచ్చే, ఆఫీసూ గచ్చే."

గుమ్మంలో నిలబడి అంతా విన్న వైదేహి నా వైపు చూసింది. "రేపు బండి వస్తే ఎవర్ని ఎక్కించమంటారు?" అంది.

నేను సిమెంటు బాట మీద కూలబడ్డాను. మూడు వారాలుగా నేను ఆ ముసలి ప్రాణాన్ని లాగాను, ఎత్తి పడేశాను, ఎండలో నిలబెట్టాను. అది తిరగబడలేదు, కరవలేదు. నేనిచ్చిన ఉత్తర్వును నా చేతుల్లోంచే కాపాడుకుంటూ వచ్చింది. పంతొమ్మిదేళ్లలో మా సంస్థ ఇచ్చిన శిక్షణను మరిచిపోని అభ్యర్థి ఒక్కరున్నారు. ఆ ఒక్కరికీ రేపు పదకొండింటికి బండి వస్తోంది.

నూకరాజుకు ఇంత తత్వం పట్టలేదు. "పగలగొట్టిన గచ్చు ముక్కలు షెడ్డు ఎనకాల పడున్నాయండి. తెస్తానుండండి" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. గంటకి రిక్షాలో నాలుగు పెద్ద సిమెంటు పెళ్లలు వేసుకుని వచ్చాడు. అరటి మొక్కల వెనక వాటిని పక్కపక్కన పరిచి, మట్టి తొక్కకుండా దారికి రెండు చెక్కలు వేశాడు. తర్వాత గుమస్తా గొలుసు విప్పి, "పోరా" అన్నాడు.

గుమస్తా చెక్కల మీదుగా నడిచింది. మొదటి పెళ్ల దగ్గర ఆగి ముక్కు ఆనించింది. రెండో దాన్ని వాసన చూసింది. నాలుగు పెళ్లల చుట్టూ ఒకసారి తిరిగి, మళ్లీ తిరిగి, నిలబడ్డ చెవితో పాటు ఎప్పుడూ లేవని రెండో చెవి కూడా కొంచెం లేపి, మధ్యలో నిలబడి, ఎంతకాలానికి అన్నట్టు కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. మేం ముగ్గురం గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డాం. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. వైదేహి లోపలికి వెళ్లి బెల్లంముక్క తెచ్చింది. మాట వెనక్కి తీసుకోలేదు. ఇంకా ఆదివారం సాయంత్రం కాలేదు మరి.

రాత్రి హాలు పొడిగా ఉంది. సోమవారం పొద్దున్న అది తనంతట తానే వెనక గుమ్మం దగ్గరికి వెళ్లి గోకింది.

పదింటికి నేను సంచాలకుల గదిలో ఉన్నాను. నూకరాజు తన పెట్టెలో ఎనిమిదేళ్లు భద్రంగా దాచిన నా ఉత్తర్వు కాగితం బల్ల మీద పెట్టాను. మడతల దగ్గర చినిగిపోయి ఉంది గానీ సంతకం స్పష్టంగా ఉంది. చయనులు గారు అది రెండుసార్లు చదివారు. నేను వేడుకోలు ఒకటి సిద్ధం చేసుకుని వెళ్లాను. కుక్క మీద దయ చూపమనీ, బండి ఆపమనీ రెండు పేజీలు. దాని అవసరం రాలేదు.

"ఈ ఉత్తర్వు రద్దు చేయబడినదా?" అన్నారాయన.

"లేదండి."

"సవరింపబడినదా?"

"లేదండి."

ఆయన మొహం పాలిపోయింది. "అనగా నేటికీ అమలులో ఉన్నది. అమలులో ఉన్న ఉత్తర్వును పాటించుచున్న అభ్యర్థిపై క్రమశిక్షణా చర్య! భుజంగరావు గారూ, ఇది చెల్లనేరదు. కోర్టులో ఒక్క పూట నిలువదు." వెంటనే మున్సిపాలిటీకి ఫోన్ చేసి బండి ఆపించారు. గుమస్తా నిర్దోషి అని అక్కడికక్కడే ఉత్తర్వు రాయించారు. మనిషి అయినా కుక్క అయినా మా సంస్థలో బతికి బయటపడాలంటే దయ చాలదు, కాగితం కావాలి. ఆ సంగతి నాకు ఎప్పుడో తెలిసి ఉండాలి.

పై ఆఫీసు బృందం వచ్చింది, టీ తాగింది, ధ్రువపత్రం నకలు తీసుకుంది, అభ్యర్థిని చూడడం మరిచిపోయి వెళ్లింది.

అయితే ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి. అది లేకుండా ఫైలు మూతపడదు. పరస్పర విరుద్ధమైన శిక్షణలు ఇచ్చినందుకు నన్ను ఇరవై ఒక్క రోజుల ప్రవర్తనా మార్పు తరగతికి పంపాలని తీర్మానించారు. ఆ పాఠం చెప్పేది నేనొక్కణ్ణే. నూకరాజును పెట్టమని నేనే సలహా ఇచ్చాను గానీ, అతనికి అర్హత లేదన్నారు. అందుచేత ఇరవై ఒక్క రోజులు రోజూ పదింటికి ఖాళీ గదిలో నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. రెండు హాజరు పట్టీల్లోనూ నేనే సంతకం చేశాను. అభిప్రాయ పత్రంలో శిక్షకుడు బాగా చెప్పాడనీ, అభ్యర్థి శ్రద్ధగా విన్నాడనీ రాశాను. రెండూ అబద్ధమే. గుమస్తా మాత్రం రోజూ నాతో వచ్చి గుమ్మం బయట పడుకుని చెవి తిప్పింది.

ఆఖరి రోజు సాయంత్రం ఐదింటికి ఇద్దరం బయటికి వచ్చాం. నా పాత ఉత్తర్వును ఆ ఉదయమే రద్దు చేశారు. ఇక పచ్చిక మీద ఎవరైనా నడవొచ్చు. బోర్డు కూడా పీకేశారు. గుమస్తాను కాస్త గడ్డి మీద తిప్పి, నా పాపం కొంతైనా కడుక్కుందామని నాకనిపించింది. పంతొమ్మిదేళ్లుగా ఆ పచ్చిక పక్కన నడిచాను గానీ, నేను కూడా ఏనాడూ దాని మీద కాలు పెట్టలేదు. చెప్పులు విడిచి దిగాను. చల్లగా, మెత్తగా ఉంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "రారా గుమస్తా, ఏం ఫరవాలేదు" అన్నాను.

అది సిమెంటు బాట అంచున నిలబడి ఒకసారి మొరిగింది. నేను కదల్లేదు. బాట మీదే అటూ ఇటూ పరిగెత్తింది. కుయ్యిమంది. చివరికి ముందు కాళ్లు రెండూ పచ్చికలో పెట్టింది. జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. అలాగే మెడ చాచి నా పాంటు అంచు పళ్లతో పట్టుకుని, ఆ నెరిసిన మూతితో, ఉన్న బలమంతా పెట్టి నన్ను వెనక్కి లాగింది. దూరం నుంచి నూకరాజు చూసి, "దాని మాటినండి బాబూ, వచ్చెయ్యండి!" అని కేకేశాడు.

వచ్చేశాను. బాట మీద రెండు కాళ్లూ పెట్టగానే అది పాంటు వదిలేసి, నా మొహంలోకి చూసి తోక ఊపింది. బాగానే నేర్చుకున్నాననుకుంటాను. బెల్లంముక్క ఒక్కటే పెట్టలేదు.